ఐదు చుక్కల ఆపరేషన్

కడుపు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన మనిషిని చూడ్డానికి వెళ్తే, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళలో బత్తాయిలు చేతికిచ్చి కూర్చున్నాక అడిగే మొదటి మాట, "ఏదీ, సూపియ్యి." మంచం మీదున్నవాడు చొక్కా ఎత్తుతాడు. వచ్చినవాళ్ళు వంగి కుట్లు చూస్తారు. జానెడుందా, అంతకు మించి ఉందా అని కళ్ళతోనే కొలుస్తారు. "అబ్బ, శానా పెద్దగ కోసిన్రు" అంటే అందులో జాలీ ఉంటుంది, మర్యాదా ఉంటుంది. కోత ఎంత పొడుగైతే జబ్బు అంత పెద్దదని అక్కడి లెక్క. ఆ లెక్క తప్పని నాకు తెలుసు. కానీ నా ముందు చొక్కా ఎత్తిన వాళ్ళెవరికీ అది తప్పని నిరూపించలేకపోయాను.

నేను సర్జన్‌గా పనిచేసింది ఈ ప్రాంతంలోనే. ఎనభైల్లో సంగారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రిలో మొదలుపెట్టి, తర్వాత పటాన్‌చెరు దగ్గర హైవే పక్కనున్న ఒక ట్రస్టు ఆస్పత్రికి మారి, అక్కడే ముగించాను. సర్జరీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. తొలిదశ కడుపు క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ పద్ధతిలో ఆపరేషన్ ఎలా చేసేవారని అడుగుతారు. వాళ్ళు అడిగేది రంధ్రాలు ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, కుట్టు ఎలా వెయ్యాలి అని. అవన్నీ ఇప్పుడు వాళ్ళకే నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. అది రాసిపెడుతున్నాను.

పెద్ద సారు వేళ్ళు

సంగారెడ్డిలో నా పైనున్న సర్జన్‌ను అందరం పెద్ద సారు అనేవాళ్ళం. పొట్టి మనిషి. థియేటర్లో ఎక్కువ మాట్లాడేవారు కాదు. పొట్ట తెరిచాక ఆయన చేసే మొదటి పని కళ్ళు మూసుకోవడం. చెయ్యి మణికట్టు దాకా లోపల పెట్టి, కాలేయం కింద నుంచి మొదలుపెట్టి అంతా తడుముకుంటూ వచ్చేవారు. చీకట్లో తన ఇల్లు తాను తిరుగుతున్నట్టుండేది. "కడుపుల ఉన్నది కండ్లకు కనబడదయ్యా. వేళ్ళకు కనబడ్తది" అనేవారు.

ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చే కడుపు క్యాన్సర్లన్నీ ముదిరినవే. పొద్దున తిన్నది సాయంత్రానికి కక్కుకుంటూ, ఎముకల గూడులా వచ్చేవాళ్ళు. చెయ్యి పెడితే గడ్డ రాయిలా తగిలేది. చాలామందికి చేయగలిగింది అన్నం దిగడానికి ఒక పక్కదారి కుట్టి పొట్ట మూసెయ్యడమే. పెద్ద సారు చేతులు కడుక్కుంటూ, బయటున్న బంధువులకు ఏం చెప్పాలో నాకు చెప్పేవారు. చెప్పే పని మాత్రం నాకే వదిలేసేవారు. దాని గురించి ఆయన మీద నాకు చాలాకాలం కోపముండేది. తర్వాత నేనే పెద్ద సారునయ్యాక, నా కింది వాళ్ళతో సరిగ్గా అదే చేయించాలనిపించింది. అప్పుడు కోపం పోయింది.

తొలిదశ క్యాన్సర్ రాయిలా తగలదు. అది జీర్ణాశయం గోడకు లోపలివైపు, పైపొరల్లోనే ఉంటుంది. గోడ మెత్తగానే ఉంటుంది. బయటినుంచి చూస్తే ఏమీ లేదు, పట్టి చూస్తే ఏమీ లేదు. మనిషికి నొప్పీ ఉండదు, ఉంటే కొంచెం మంట, కొంచెం ఉబ్బరం. మా ప్రాంతంలో దానికి ఒకటే పేరు: గ్యాస్. గ్యాస్‌కు ఒకటే మందు: మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే గోలీ. ఆ గోలీ మింగితే మంట నిజంగానే తగ్గుతుంది. జబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

ఒక దినపత్రిక జిల్లా పేజీలో నేను చాలా ఏళ్ళు వారం వారం ఆరోగ్యం మీద రాశాను. నాకు రాయడం నేర్పింది ఆ పత్రిక సంగారెడ్డి డెస్కులో ఉండే ఒక సబ్ ఎడిటర్. ఒకసారి "కడుపు క్యాన్సర్‌ను ప్రారంభ దశలో గుర్తిస్తే నయం చేయవచ్చు" అని రాసి పంపాను. ఆయన ఫోన్ చేసి, ప్రారంభ దశ అంటే చదివేవాడికి ఏం అర్థం కావాలని అడిగాడు. నొప్పి రాకముందు అన్నాను.

"నొప్పి రాకముందు డాక్టర్ దగ్గరికి ఎవడొస్తడు సార్?" అన్నాడు.

నా వాక్యం అలాగే అచ్చయింది. ఆయన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

బోటి కుట్టిన ఆదివారాలు

తొంభైల్లో కీహోల్ పద్ధతి మా దాకా వచ్చింది. మొదట పిత్తాశయంలో రాళ్ళకు. దానిమీద చెయ్యి కుదరడానికి కొన్నేళ్ళు పట్టింది. కడుపు సంచిని అలా కోసి కుట్టడం ఇంకా పెద్ద పని. జపాన్‌లో చేస్తున్నారని విన్నాం. వీడియో క్యాసెట్లు తెప్పించుకుని చూశాను.

చూస్తే వచ్చే విద్య కాదది. ఒక అట్టపెట్టెకు రంధ్రాలు చేసి, లోపల చిన్న కెమెరా అమర్చి, పాత టీవీకి కలిపాను. ఆదివారం పొద్దున పటాన్‌చెరు మార్కెట్‌కు వెళ్ళి మేక బోటి కొనుక్కొచ్చేవాణ్ణి. దాన్ని పెట్టెలో పరిచి, మూరెడు పొడుగు పనిముట్లతో పేగుకు పేగు కలిపి కుట్టేవాణ్ణి. చెయ్యి కుడికి తిప్పితే లోపల కొస ఎడమకు పోతుంది. తెర మీద లోతు తెలియదు. సూది కణజాలంలో దిగిందో గాల్లో తిరిగిందో తెలియడానికే నెలలు పట్టింది. మధ్యాహ్నం దాకా కుట్టి, కుట్టినంతా విప్పి, అవతల పడేసి, చేతులు కడుక్కుని, ఒక్కణ్ణే అన్నం తినేవాణ్ణి. నా భార్య అప్పటికే పోయింది. క్వార్టర్స్‌లో నేనొక్కణ్ణే.

మాంసం కొట్టే అతను కొన్ని వారాలు చూసి ఉండబట్టలేక, "వారం వారం బోటియేనా డాక్టర్ సాబ్? గిదే తింటె కడుపు కరాబైతది" అన్నాడు. కరాబైన కడుపులు బాగుచేయడానికే అన్నాను. నమ్మలేదు. ఆ వారం నుంచి కొంచెం కాలేయం కూడా పొట్లంలో వేసేవాడు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు ఒక మాట. కీహోల్ ఒంటరి పని. పొట్ట కోసి చేసేటప్పుడు ఒకే కడుపులో ముగ్గురి చేతులుంటాయి. అసిస్టెంట్ ముంజేయి మన ముంజేతికి తగులుతుంటుంది. అతను అలసిపోతే మనకు తెలుస్తుంది. కీహోల్‌లో అందరం తలెత్తి ఒక్క టీవీనే చూస్తాం, ఒకరినొకరం చూసుకోం. మన వేళ్ళు రోగిని ముట్టవు. గంటల తరబడి ఒక మనిషి లోపల తిరిగి, ఆ మనిషిని తాకకుండానే బయటికి వస్తాం.

ఒకసారి పిత్తాశయం ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయింది. పొట్ట కోసి ఉంటే టార్చిలైటు చాలు. కీహోల్‌లో తెర ఆరిపోతే లోపలంతా చీకటి. పనిముట్టు కొస ఎక్కడుందో తెలియదు, పక్కన ఏ రక్తనాళం ఉందో తెలియదు. జనరేటర్ అందుకునే దాకా చేతులు కదపకుండా నిలబడ్డాను. మత్తు డాక్టర్ చేతిలోని సంచి ఊపిరి తీస్తున్న చప్పుడొక్కటే వినిపించింది. కదలకుండా ఉండడం కూడా సర్జరీయేనని ఆ రోజు తెలిసింది.

ఇంకొకటి. హైవే పక్కన పెద్ద పెద్ద బోర్డులు పెడతారు, కోత లేదు, నొప్పి లేదు అని. అది మోసం. పైన కోత చిన్నదే, లోపల చేసే పని మాత్రం అదే. రక్తం ఆగకపోయినా, దారి తెలియకపోయినా, రంధ్రాలు వదిలేసి పొట్ట కొయ్యాలి. అలా కోసినందుకు సిగ్గుపడే సర్జన్ దగ్గరికి నేనైతే వెళ్ళను.

అన్న

ఇస్నాపూర్ నుంచి బాలయ్య అని ఒకాయన వచ్చాడు. ఊళ్ళో పాతకాపులే. ఫ్యాక్టరీలు వచ్చాక పొలం పోయి, ఉన్న ఇంటి మీద రెండు గదులు కట్టి కిరాయికిచ్చాడు. వెంట ఆయన భార్య మణెమ్మ, తమ్ముడు యాదగిరి వచ్చారు. బాలయ్య అప్పటికే సగమయ్యాడు. ఏడాదిగా గ్యాస్ గోలీలు మింగుతున్నాడట. పొట్ట నిలువునా తెరిచాను. లోపల జబ్బు అంతటా జొన్నలు చల్లినట్టు పాకి ఉంది. గడ్డను ముట్టలేదు. అన్నం దిగేందుకు పక్కదారి ఒకటి కుట్టి మూశాను. కుట్లు రొమ్ము కింద నుంచి బొడ్డు దాటి ఉన్నాయి.

ఆ కోతను చూడ్డానికి ఊరంతా వచ్చింది. బాలయ్య అందరికీ చొక్కా ఎత్తి చూపించాడు. పెద్ద ఆపరేషన్ చేశారని అందరూ అన్నారు. నిజానికి ఆ పొడుగు కోతతో నేను తీసింది ఏమీ లేదు. మణెమ్మకు చెప్పాను. కొన్ని నెలలకు బాలయ్య పోయాడు.

తమ్ముడు

బాలయ్య దినాలైన కొన్ని వారాలకు యాదగిరి మళ్ళీ వచ్చాడు, ఈసారి తన కోసం. యాభైకి దగ్గరగా ఉంటాడు. ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టర్ కింద డ్రమ్ములు దొర్లించే పని. గట్టి ఒళ్ళు, నోటి నిండా నవ్వు. ఏ బాధా లేదు, గ్యాసే, ఇంట్లోవాళ్ళు సతాయిస్తే వచ్చానన్నాడు. భార్య అనసూయ పక్కన నిలబడింది.

మా ఆస్పత్రిలో గొంతులోంచి గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష డాక్టర్ సుల్తానా చేసేవారు. ఓపిక గల మనిషి. ఇంకొకరైతే అంతా బాగుందని రాసి పంపేసే చోట ఆమె ఆగారు. కడుపు సంచి కింది భాగంలో రూపాయి బిళ్ళంత మేర రంగు కొంచెం వేరుగా, కొంచెం గుంట పడ్డట్టు ఉంది. ముక్క తీసి పంపారు. అది క్యాన్సరని తేలింది. పైపొరల్లోనే ఉన్నట్టుంది. అన్నకు రాయిగా దొరికింది తమ్ముడికి మరకగా దొరికింది. నా ఉద్యోగంలో అలా తొలిదశలో దొరికినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గొట్టంలోంచే ఆ మరక మేర లోపలి పొరను చెక్కెయ్యొచ్చేమోనని సుల్తానా, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎంత లోతుకు దిగిందో మాకు నమ్మకంగా తెలియలేదు. లోతుకు దిగితే పక్కనున్న లింఫు గ్రంథులకు పాకి ఉండొచ్చు. కాబట్టి సంచిలో కింది భాగాన్ని, ఆ గ్రంథులతో సహా, కీహోల్‌లో తీసెయ్యాలని నిశ్చయించాం.

యాదగిరిని కూర్చోబెట్టి చెప్పాను. ఐదు చిన్న రంధ్రాలు, పొట్టను గ్యాస్‌తో ఉబ్బించి, కెమెరా పెట్టి చేస్తామని.

"గ్యాస్ పోవాలె అని నేనొస్తె, నువ్వు ఇంకింత గ్యాస్ నింపుతనంటివి గద సారూ" అన్నాడు.

అనసూయ నవ్వలేదు. లోపల ఎంత తీస్తారని అడిగింది. సగానికి పైనే అన్నాను. మిగిలిన చిన్న సంచిని పేగుకు కలుపుతాం, ఇక జీవితాంతం కొంచెం కొంచెం, ఎక్కువసార్లు తినాలి, తీపి ఒకేసారి ఎక్కువ తినొద్దు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఆమె ప్రతి మాటకూ తలూపింది. అతను కిటికీలోంచి హైవే చూస్తున్నాడు.

చెయ్యి ముట్టకుండా చేసే ఆపరేషన్‌లో ఒక చిక్కుంది. ఆ మరక బయటినుంచి కనబడదు, పట్టుకుందామంటే వేళ్ళు లేవు. ఎక్కడ కొయ్యాలో ఎలా తెలియాలి? అందుకని ముందురోజు సుల్తానా మళ్ళీ గొట్టం వేసి, మరక పక్కనే సంచి గోడలోకి సూదితో నల్ల సిరా ఎక్కించారు. ఆ సిరా గోడ బయటి వైపుకు కనబడుతుంది.

ఆపరేషన్ రోజు పెద్ద సారు వచ్చారు. రిటైరై చాలాకాలమైంది. చూస్తానంటే తెర ఎదురుగా స్టూలు వేయించాను. కెమెరా లోపలికి పోయింది. గులాబీ రంగులో తళతళలాడుతున్న సంచి మీద ఒక నల్ల చుక్క, పసిపిల్ల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కలా కనబడింది. ఆ చుక్కను దాటి పైకి కొలత చూసుకుని, రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుంటూ, గ్రంథులను వాటి కొవ్వుతో సహా ఒలుచుకుంటూ వెళ్ళాం. పొట్ట కోస్తే రెండు గంటల్లో అయ్యే పని దానికి రెట్టింపు పట్టింది. పెద్ద సారు లేవలేదు. ఒకసారి తల తిప్పి చూశాను. ఆయన కళ్ళు తెర మీద ఉన్నాయి, వేళ్ళు మాత్రం మోకాలి మీద ఏదో తడుముతూ కదులుతున్నాయి.

తీసిన భాగాన్ని ఆ చిన్న రంధ్రాల్లోంచి బయటికి లాగలేం. దానికి మొలతాడు కింద, లుంగీ ముడి కప్పేసే చోట, నాలుగు వేళ్ళ వెడల్పు కోత ఒకటి పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి తీశాం. బల్ల మీద దాన్ని తెరిచాక పెద్ద సారు గ్లవ్స్ అడిగి తొడుక్కున్నారు. కళ్ళు మూసుకుని మరకంతా తడిమారు. మళ్ళీ తడిమారు.

"నా వేళ్ళకైతె ఇది దొరక్కపోయేది" అన్నారు. గ్లవ్స్ విప్పి, చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన్ను నేను ప్రాణాలతో చూడలేదు.

ముక్క పరీక్షలో జబ్బు పైపొరలు దాటలేదని, గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఎవరికి చెప్పాలో తెలియక ఆస్పత్రి మెట్ల మీద కాసేపు నిలబడ్డాను. సుల్తానా సెలవులో ఉన్నారు. చివరికి యాదగిరికే చెప్పాను. అతను భుజం నొక్కుకుంటున్నాడు. లోపల మిగిలిన గ్యాస్ వల్ల భుజం నొప్పి రావడం మామూలే.

"కడుపుల జబ్బంటివి, భుజమెందుకు నొస్తుంది సారూ?" అన్నాడు. కాగితం గురించి ఏమీ అనలేదు.

దోమలు కుట్టినట్టు

అతను ఇంటికి వెళ్ళాక ఏం జరిగిందో తర్వాత అనసూయ చెప్పింది.

బత్తాయిలతో చుట్టాలొచ్చారు. ఏదీ చూపించమన్నారు. యాదగిరి చొక్కా ఎత్తాడు. ఐదు చుక్కలు. అప్పటికే మానుతున్నాయి. మొలతాడు కింది కోతను నలుగురిలో ఎలా చూపిస్తాడు? చూపించలేదు. "గంతేనా?" అన్నారు చుట్టాలు. బాలయ్య కోత అందరూ చూసినదే కదా. పెద్దాయనకు అంత కోస్తే బతకలేదు, చిన్నాయనకు ఐదు చుక్కలు పెట్టి క్యాన్సర్ పోయిందన్నారంటే అసలు క్యాన్సరే లేదని ఊళ్ళో తేల్చేశారు. ఆస్పత్రివాళ్ళు భయపెట్టారన్నారు కొందరు. కాంట్రాక్టర్ కూడా వచ్చి చూసి, "దోమలు కుట్టినట్టున్నయ్, పనికెప్పుడొస్తవ్?" అన్నాడట. పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళకు గేటు దగ్గర కూర్చునే పని ఇవ్వడం ఆ కంపెనీలో మామూలు. యాదగిరికి మళ్ళీ డ్రమ్ములే ఇచ్చారు.

నలుగురూ లేదన్న జబ్బును ఒక్కడే ఉందని ఎంతకాలం మొయ్యగలడు? కొన్నాళ్ళకు అతనూ లేదనుకోవడం మొదలుపెట్టాడు. డబ్బా నిండా అన్నం, సాయంత్రం కల్లు. తిన్నాక చెమటలు పోసి, గుండె దడదడలాడి కూలబడితే ఎండ దెబ్బ అనేవాడు. బరువు తగ్గిపోయాడు. ఆరు నెలల పరీక్షకు రాలేదు. మేం కబురు పెట్టినా రాలేదు. ఉన్న కొద్దిపాటి సంచిలో మళ్ళీ మరక మొదలైతే చూసే దారి లేదు. ఈసారి ముదిరాక దొరికితే అన్న దారే.

అన్నిటికన్నా అతన్ని కుంగదీసింది వదిన మణెమ్మ మాట్లాడ్డం మానెయ్యడమట. రెండిళ్ళకూ మధ్య ఒకటే వాకిలి. ఆమె అతన్ని చూసి ముఖం తిప్పుకునేది.

"మీరొచ్చి నలుగురి ముందల చెప్పుండ్రి సారూ" అంది అనసూయ. "బావ ఏడాది మాసికం ఉన్నది. అందరొస్తరు. నేను చెప్తె ఎవ్వలింటలేరు. ఆయన గూడ ఇంటలేడు."

నేను రోగుల ఇళ్ళకు వెళ్ళే డాక్టర్ని కాదు. ఆ మాటే చెప్పబోయాను. ఆమె పని మానుకుని, బస్సెక్కి వచ్చి, నా ఓపీ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుంది. వస్తానన్నాను.

వాకిట్లో

ఇస్నాపూర్‌లో వాళ్ళ వాకిలి కొత్త గదుల గోడల మధ్య ఇరుకుగా ఉంది. షామియానా వేశారు. నాకు కుర్చీ వేశారు. అప్పటికే భోజనాల బంతి సాగుతోంది. యాదగిరి విస్తరిలో మటన్, బగారన్నం, పక్కన బెల్లం పరమాన్నం. చాలన్నా వినకుండా పెద్దమనిషి ఒకాయన, వాళ్ళ మేనమామ, ఇంకో గరిటె వేస్తూ, "అన్న మాసికం రా, ఇయ్యాల గూడ వద్దంటవా? ఐదు సుక్కలోనికి ఏమైతది" అన్నాడు. చుట్టూ నవ్వారు. యాదగిరి కూడా నవ్వి తిన్నాడు. నేను చెప్పేలోపే విస్తరి ఖాళీ అయింది.

అరగంట కాకముందే అతని ముఖం పాలిపోయింది. చొక్కా తడిసి ముద్దయింది. గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. కల్లెక్కిందని ఒకరు, గాలి తగిలిందని ఒకరు అన్నారు. మంచం మీద పడుకోబెట్టి నాడి పట్టుకున్నాను. పరుగెడుతోంది. అది కాసేపటికి తగ్గిపోయేదే, నాకు తెలుసు. కానీ అందరూ భయంతో మంచం చుట్టూ చేరారు. చెప్పాలంటే అదే సమయం.

పక్కనున్న నీళ్ళ చెంబు, ఒక చిన్న స్టీలు గ్లాసు తీసుకున్నాను. ఇదివరకు ఇతని కడుపు సంచి ఈ చెంబంత, ఇప్పుడు ఈ గ్లాసంత అన్నాను. చెంబులో నీళ్ళు గ్లాసులో పోశాను. గ్లాసు నిండి, నీళ్ళు నేలంతా పారాయి. మీరు వడ్డించింది ఇది అన్నాను.

మేనమామ ఆ నీళ్ళను చూశాడు. తెలివైన మనిషి.

"మరి అంత సంచి గా ఐదు తూట్లకెంచి ఎట్లొచ్చింది సారూ?" అన్నాడు.

సరైన ప్రశ్న. జవాబు నా దగ్గరుంది, కానీ చూపించాల్సిన ఒళ్ళు నాది కాదు. మంచం మీద యాదగిరి కళ్ళు తెరిచాడు. వాకిట్లో ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు. అతను మెల్లగా లుంగీ ముడి వదులు చేసి, మొలతాడు కిందికి జరిపాడు. నాలుగు వేళ్ళ వెడల్పు మచ్చ.

"గీడికెంచి మామా" అన్నాడు.

గడపలో నిలబడ్డ మణెమ్మ ముందుకు వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. ఆ మచ్చ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"మా ఆయనను ఏడాది ముందుగాల తోల్కొస్తె, ఆయనకు గూడ గిట్ల సిన్నగనే చేస్తుంటివా సారూ?"

ఆస్పత్రిలో ఎందరికో ఎన్నో చెడ్డ వార్తలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్నకు మాత్రం లేదన్నా కష్టమే, అవునన్నా కష్టమే. లేదమ్మా అంటే ఆమెకు నిద్ర పడుతుంది. కానీ వాకిట్లో ఉన్నవాళ్ళంతా వింటున్నారు, వాళ్ళలో ఎందరి జేబుల్లో గ్యాస్ గోలీలున్నాయో నాకు తెలియదు. అవునంటే అది ఆమె మీద పడుతుంది.

"అప్పుడు లోపల ఎట్లుండెనో నాకు తెల్వదమ్మా" అన్నాను.

"నీకు తెల్వకుంటె ఇంకెవలికి తెలుస్తది?"

"ముందుగాల వస్తే చూస్తుంటిమి. చిన్నగ దొరికితే చిన్నగనే చేస్తుంటిమి."

ఆమె పిండి చేతులు చూసుకుంటూ, నాతోనో ఎవరితోనో తెలియకుండా అంది. "గోలీలు నేనే తెచ్చిచ్చిన. వారం వారం నేనే తెచ్చిచ్చిన."

యాదగిరి మోచేతి మీద లేచాడు. "వదినా, అన్న దినాలనాడు నేను గోలీ నోట్ల ఏసుకుంటుంటె గుంజుకొని మోరీల పారేసినవు. యాదికున్నదా? దవఖానకు పోతెనే ఇంట్ల బువ్వ పెడ్తనంటివి. నువ్వు తోలకపోతె నేను పోకపోదును."

ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. ఇంట్లోవాళ్ళు సతాయిస్తే వచ్చానన్నప్పుడు అతను చెప్పింది ఈమె గురించి.

మణెమ్మ కొంగుతో చేతి పిండి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఒక చిన్న గిన్నెలో రెండు ముద్దల పెరుగన్నం తెచ్చి, మరిది మంచం పక్కన పెట్టి, నన్ను చూడకుండా వెళ్ళిపోయింది.

బెంచీ

యాదగిరి పరీక్షలకు రావడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర పని ఇచ్చారట. ఇవ్వకపోతే కింది కోత కూడా చూపిస్తానని కాంట్రాక్టర్‌ను బెదిరించానని చెప్పి నవ్వాడు. నేను పని మానే నాటికి అతని కడుపులో కొత్త మరకేదీ కనబడలేదు.

మణెమ్మ కూడా రావడం మొదలుపెట్టింది. మొదట యాదగిరి మేనమామను తీసుకొచ్చింది. తర్వాత తన తమ్ముణ్ణి, పక్కింటామెను, వాళ్ళింట్లో కిరాయికున్న బీహారీ కుర్రాణ్ణి. ఏడాదిగా మంట ఉందన్న ప్రతివాణ్ణీ సుల్తానా గది ముందుకు నడిపించుకొచ్చేది. చాలామందికి ఏమీ ఉండేది కాదు. లోపలికి పంపే ముందు వాళ్ళ జేబులోంచి గోలీల అట్ట అడిగి తీసుకుని కొంగున ముడివేసుకునేది. గది బయట బెంచీ మీద చివర కూర్చునేది. సుల్తానాతో మాట్లాడేది, నర్సులతో మాట్లాడేది. నేను ఎదురైతే తల దించుకునేది. అన్ని ఏళ్ళలో నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ ఆమెను పలకరించలేదు. ఏమని పలకరిస్తాను?

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను రంధ్రాల గురించి అడుగుతారు. కోత చిన్నదవడానికి కారణం మన చేతి పనితనమే అనుకుంటారు. నేను ఆదివారాల్లో ఎంత బోటి కుట్టినా, ఆమె ఆ గోలీని గుంజుకుని మురిక్కాలువలో పారెయ్యకపోతే యాదగిరికి కూడా పొట్ట నిలువునా కోసి మూసేవాణ్ణి.

ఆస్పత్రిలో నా చివరి రోజున శాలువా కప్పారు, సమోసాలు పెట్టారు. అవన్నీ అయ్యాక గదికి తాళం వేసి వెళ్తుంటే ఆమె బెంచీ మీద ఉంది, పక్కనెవరూ లేరు. నా కాళ్ళు అక్కడే ఆగాయి. ఇంటికి వెళ్ళి చేసేదేమీ లేదు. ఆమె నా వైపు చూడలేదు. కొంగు ముడి సర్దుకుని, కొంచెం పక్కకు జరిగింది. నేను కూర్చున్నాను. లోపల ఇస్నాపూర్ మనిషెవరికో సుల్తానా, భయపడొద్దు, మింగు, మింగు అని చెప్పడం వినిపిస్తోంది.